రేసు కోసం పుట్టిన బండికి సి-బుక్

1974 నాటి హోండా సీఆర్250ఎం ఎల్సినోర్ మోటార్ సైకిల్‌ను మొదటిసారి చూసినవాళ్లకు దాన్ని ఎవరో సగం విప్పుకుపోయారని అనుమానం వస్తుంది. హెడ్‌లైటు లేదు, వెనక ఎర్రలైటు లేదు. హారన్, స్పీడోమీటరు, ఇండికేటర్లు, అద్దాలు ఏవీ లేవు. నిజానికి ఎవరూ ఏమీ విప్పలేదు. ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చింది. మట్టి ట్రాక్ మీద దుమ్ములో, బురదలో పందెం పరిగెత్తడానికి ఏవి అక్కర్లేదో అవన్నీ వదిలేసి, మిగిలినదానికి వెండిరంగు అల్యూమినియం ట్యాంకు తగిలించి పంపారు.

ఆ రోజుల్లోనే అదే ఎల్సినోర్ పేరుతో హోండా ఇంకో బండి అమ్మింది. పేరు ఎంటీ250. దానికి లైట్లు, హారన్, మీటరు అన్నీ ఉన్నాయి. కొన్నవాడు నంబర్ ప్లేటు బిగించుకుని నేరుగా రోడ్డెక్కాడు. సీఆర్ కొన్నవాడు దాన్ని వ్యాన్‌లో వేసుకుని రేసుకు తీసుకెళ్లాడు. ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ముల్లో ఒకడి పేరు రేషన్ కార్డులో ఎక్కింది, రెండోవాడిది ఎక్కలేదన్నమాట. యాభై ఏళ్ల తర్వాత ఇప్పుడు ఆ రెండోవాడికి కాగితాలు పుట్టించాలి. ఆ పని ఎలా జరుగుతుంది, ఎక్కడ చిక్కుపడుతుంది అన్నదే ఈ వ్యాసం.

ఇందుకు బ్రిటన్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. మోటోక్రాస్ అనే ఈ మట్టి ట్రాక్ పందేనికి పుట్టిల్లు ఆ దేశమే. 1924లో సర్రేలోని కాంబర్లీ దగ్గర జరిగిన పందెంతో ఈ ఆట మొదలైందని చెబుతారు. వాళ్లు దాన్ని చాలాకాలం స్క్రాంబుల్ అనే పిలిచారు. పాత బళ్ల మీద మమకారం అక్కడ ఎక్కువ. అన్నిటికంటే ముఖ్యం, రేసు బండిని రోడ్డు మీదికి తేవడానికి అక్కడ చట్టంలోనే దారి ఉంది. వంకర దారే, కానీ ఉంది.

అసలు రోడ్డు మీదికి ఎందుకు?

మోటోక్రాస్ అంటే కంచె వేసిన ట్రాక్‌లో గుండ్రంగా తిరిగే పందెం. బండి వ్యాన్‌లో వస్తుంది, వ్యాన్‌లో వెళ్తుంది. ఎండ్యూరో అలా కాదు. అడవిలో కొంత, కొండమీద కొంత, మధ్యలో మామూలు రోడ్డు మీద కొంత, గడియారం చూసుకుంటూ నడపాలి. ఆ మధ్యలో వచ్చే రోడ్డే అసలు మెలిక. అక్కడ ట్రాఫిక్ పోలీసు దృష్టిలో నువ్వు రేసర్‌వి కాదు, అందరిలాంటి వాహనదారుడివి.

ఈ సంప్రదాయం పాతది. ఇంటర్నేషనల్ సిక్స్ డేస్ ట్రయల్ 1913లో ఇంగ్లండ్‌లోని కార్లైల్‌లో మొదలైంది. ఆరు రోజులు ఒకే బండి. ముఖ్యమైన భాగాల మీద నిర్వాహకులు గుర్తులు వేస్తారు, వాటిని మధ్యలో మార్చుకోవడానికి వీల్లేదు. 1964లో తూర్పు జర్మనీలోని ఎర్‌ఫుర్ట్‌లో జరిగినప్పుడు అమెరికా జట్టులో నటుడు స్టీవ్ మెక్‌క్వీన్ ట్రయంఫ్ బండి మీద పాల్గొని, పడిపోయి మధ్యలోనే తప్పుకున్నాడు. తర్వాత అదే మెక్‌క్వీన్ ఎల్సినోర్ ప్రకటనల్లో కనిపించాడు. 1981 నుంచి ఆ పోటీ పేరులో ట్రయల్ పోయి ఎండ్యూరో వచ్చింది.

అందుకే కంపెనీలు రెండు రకాలూ చేసేవి. హస్క్వర్నాలో సీఆర్ మోటోక్రాస్‌కు, డబ్ల్యూఆర్ ఎండ్యూరోకు. బుల్టాకోలో పర్సాంగ్, మటడోర్. యమహాలో వైజెడ్, ఐటీ. మరి రోడ్డు మీద తిరగాలనుకున్నవాడు నేరుగా డబ్ల్యూఆర్‌నో ఐటీనో కొనుక్కోవచ్చు కదా? కొనుక్కోవచ్చు. తెలివైనవాళ్లు అదే చేస్తారు. కానీ చిన్నప్పుడు గోడ మీద ఎల్సినోర్ పోస్టరు అంటించుకున్నవాడికి తెలివి గురించి చెప్పి లాభం లేదు.

కాగితం వేరు, బండి వేరు, నేల వేరు

ఈ విషయంలో వినిపించే తప్పుడు సలహాలన్నీ దాదాపు ఒకే చోట పుడతాయి. మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకే ముద్దగా కలిపేయడం. ఈ బండి ఏది, ఎప్పుడు పుట్టింది, ఎవరిది అన్నది మొదటిది. రోడ్డు మీద నడిచే స్థితిలో ఉందా అన్నది రెండోది. ఏ నేల మీద నడపవచ్చు అన్నది మూడోది. ఒకడు లైట్లు బిగించి "ఇక రోడ్డు బండే" అనుకుంటాడు. అతను రెండో ప్రశ్నకే జవాబు చెప్పాడు. ఇంకొకడు నంబర్ ప్లేటు రాగానే ఊరి చివర అడవి బాట పడతాడు. అతనికి మూడో ప్రశ్న ఉందనే తెలియదు.

మొదటి ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది బోల్తా పడేది అక్కడే.

బ్రిటన్‌లో నంబరు ఇచ్చేది స్వాన్సీలో ఉన్న డీవీఎల్ఏ. మన ఆర్టీఏలా బండిని ఎదురుగా నిలబెట్టి చూడాలని వాళ్లు సాధారణంగా పట్టుబట్టరు. అవసరమనుకుంటే తనిఖీకి పంపుతారు గానీ, పని ప్రధానంగా తపాలాలో వెళ్లే కాగితాల మీదే నడుస్తుంది. వాడిన బండిని మొదటిసారి రిజిస్టర్ చేయించడానికి వీ55/5 అనే ఫారం, 55 పౌండ్ల రుసుము. అది తేలిక. ఆ ఫారానికి జతచేయాల్సిన రుజువులే కష్టం.

మన 1974 ఎల్సినోర్ అమెరికా నుంచి వచ్చిందనుకుందాం. బ్రిటన్‌లో దొరికే పాత జపాన్ మోటోక్రాస్ బళ్లు చాలావరకు అలా వచ్చినవే. బండి దేశంలోకి రాగానే 14 రోజుల్లోపు పన్నుల శాఖకు తెలియజేయాలి. ఆ పద్ధతి పేరు నోవా, 2013 నుంచి అమల్లో ఉంది. నోవాలో ఎక్కని దిగుమతి బండికి డీవీఎల్ఏ నంబరు ఇవ్వదు. కొందరు ఐదారేళ్ల క్రితం కంటైనర్‌లో వచ్చిన బండిని చేతులు మారి మారి కొంటారు. దిగుమతి చేసినవాడు నోవా పని చేశాడో లేదో ఎవరికీ గుర్తుండదు. బేరం ఆడేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇంజిన్ గురించి కాదు, ఇదే.

ఇక్కడే ఒక వింత ఉంది. కనీసం 30 ఏళ్లు నిండి, అసలు స్థితిలో ఉండి, ఆ మోడల్ తయారీ ఆగిపోయి ఉంటే, కస్టమ్స్ దాన్ని సేకరణ వస్తువుగా చూడవచ్చు. అప్పుడు దిగుమతి సుంకం ఉండదు, వ్యాట్ 20 శాతానికి బదులు 5 శాతమే. అంటే ఓడరేవులో అది దాదాపు మ్యూజియం వస్తువు. స్వాన్సీకి చేరేసరికి వాహనం. వారాంతంలో రేసు నిర్వాహకుల ముందు పోటీ యంత్రం. బండి మారలేదు, చూసే కళ్లు మారాయి. అందుకే మార్పులు చేసే క్రమం ముఖ్యం. అసలు స్థితి అని కస్టమ్స్‌కు చెప్పేనాటికి బండి అసలు స్థితిలో ఉండాలి. లైట్లూ గట్రా తర్వాతే.

ఇక వయసు. అమెరికాలో మోటోక్రాస్ బండిని రోడ్డు కోసం రిజిస్టర్ చేయాల్సిన పని లేదు కాబట్టి, చాలా బళ్లకు అక్కడి ప్రభుత్వ పత్రం ఏదీ ఉండదు. ఎవరో తెల్లకాగితం మీద రాసిచ్చిన అమ్మకం రసీదు మాత్రం ఉంటుంది. అది యజమాని ఎవరో చెబుతుంది గానీ బండి ఎప్పుడు పుట్టిందో చెప్పదు. ఆ సంగతి చెప్పడానికి డీవీఎల్ఏ గుర్తించిన పాత బళ్ల క్లబ్బులు ఉన్నాయి. 1946లో పుట్టిన వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ వాటిలో పెద్దది. జపాన్ బళ్లకు వింటేజ్ జపనీస్ మోటార్‌సైకిల్ క్లబ్ ఉంది. ఫ్రేమ్ నంబరు, ఇంజిన్ నంబరు చూసి, తయారీ రికార్డులతో పోల్చి, ఇది ఫలానా ఏడాది బండి అని వాళ్లు పత్రం ఇస్తారు. దాన్ని డేటింగ్ సర్టిఫికెట్ అంటారు. పేరు విని పెళ్లిళ్ల బ్రోకర్ల వ్యవహారం అనుకోవద్దు.

నంబరును ఫొటో తీసి పంపాలి, లేదా కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దిన అచ్చు పంపాలి. ఇది చదివినప్పుడు నాకు మా నాన్న యెజ్డీ గుర్తొచ్చింది. పేరు మార్పిడి కోసం ఆఫీసుకు వెళ్తే ఛాసిస్ నంబర్ పెన్సిల్ ప్రింట్ కావాలన్నారు. మూడుసార్లు పెయింట్ వేసిన హెడ్‌పైపు. బయట చెట్టు కింద కూర్చునే ఆయన బ్లేడుతో గీకి, పల్చటి కాగితం అతికించి, పెన్సిల్ అడ్డంగా పెట్టి రుద్దాడు. మూడో అంకె ఎనిమిదో మూడో తేలక మళ్లీ మర్నాడు రమ్మన్నారు. దేశాలు వేరైనా బండికి వేలిముద్ర తీసే పద్ధతి ఒకటేనన్నమాట.

ఆ వేలిముద్రలో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. హోండా పద్ధతిలో ఫ్రేమ్ నంబరు సీఆర్250ఎం అని మొదలవుతుంది, ఇంజిన్ నంబరులో మోడల్ పేరు చివర ఈ అనే అక్షరం చేరుతుంది. వెనకొచ్చే అంకెలు రెండింట్లో ఒకటే కానక్కర్లేదు. రేసు బళ్లలో ఇంజిన్లు మార్చడం రోజూ జరిగే పని కాబట్టి ఇంజిన్ వేరే బండిది అయినా ప్రపంచం మునిగిపోదు, ఆ సంగతి ఫారంలో నిజాయితీగా రాస్తే చాలు. ఫ్రేమ్ నంబరు సంగతి అలా కాదు. అది చెరిగి ఉన్నా, మళ్లీ కొట్టినట్టు కనిపించినా అక్కడే ఆగిపోవాలి. మోటోక్రాస్ బళ్లకు నంబర్ ప్లేటు లేకపోవడం దొంగలకు పెద్ద సదుపాయం. ఫ్రేమ్ గీకేస్తే ఇక గుర్తుపట్టే ఆధారమే ఉండదు. అలాంటి బండిని ఎంత చవగ్గా ఇచ్చినా కొనకూడదని నా అభిప్రాయం, ఎంత కథ చెప్పినా సరే.

ఇంకో చిన్న తలనొప్పి. పదిహేడు అంకెల, అక్షరాల వాహన గుర్తింపు సంఖ్య అమెరికాలో 1981 మోడళ్ల నుంచే వచ్చింది. అంతకుముందు బళ్ల నంబర్లు పొట్టివి. ఇన్సూరెన్స్ వెబ్‌సైట్లో పదిహేడు గడులు నింపమని ఫారం అడుగుతుంది, మన దగ్గర అన్ని ఉండవు. ఫోన్ చేసి మనిషితో మాట్లాడితే గానీ తెగదు. ఇంకా నంబరే రాని బండికి ఫ్రేమ్ నంబరు మీద పాలసీ రాసే కంపెనీలు ఉన్నాయి. నంబరు వచ్చాక మార్చుకోవచ్చు.

వయసు నిరూపణ అయితే ఆ కాలానికి తగిన నంబరు వస్తుంది. నిరూపణ కాకపోతే క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు. క్యూ అంటే ఈ బండి పుట్టుక మాకు తెలియదు అని ప్రభుత్వం బోర్డు కట్టి చెప్పడం. నడపడానికి అడ్డం లేదు, కానీ అమ్మేటప్పుడు ఆ అక్షరం ధరను కోసేస్తుంది.

బ్రిటన్‌లోనే అమ్ముడైన పాత స్క్రాంబుల్ బళ్లది ఇంకో కథ. 1950లు, 60ల్లో చాలామందికి వ్యాన్ ఉండేది కాదు. రోడ్డు మీద నడుపుకుంటూ మైదానానికి వెళ్లి, లైట్లు విప్పేసి, పందెం ఆడి, మళ్లీ బిగించుకుని ఇంటికొచ్చేవాళ్లు. అంటే వాటిలో కొన్నిటికి ఒకప్పుడు నంబరు ఉండేది. రికార్డులు జిల్లా కౌన్సిళ్ల నుంచి స్వాన్సీ కంప్యూటర్‌కు మారినప్పుడు, 1983 నవంబరు లోపు నమోదు చేసుకోనివి ఆ జాబితాలో లేకుండా పోయాయి. పాత సి-బుక్ లాంటి ఆధారం దొరికితే వీ765 అనే పథకం కింద ఆ పాత నంబరునే తిరిగి అడగవచ్చు. బండి కొన్నప్పుడు పాతింటి అటకమీద కాగితాలు కూడా అడిగి తెచ్చుకోవడం ఇందుకే.

సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా

ఇప్పుడు రెండో ప్రశ్న. రోడ్డు బండిగా ఏమేం ఉండాలి? ఇక్కడ కొత్త బళ్లకూ పాతవాటికీ చాలా తేడా ఉంది. పదేళ్లు నిండని బండికి ముందుగా ఎంఎస్‌వీఏ అనే కఠినమైన ఆమోద పరీక్ష ఉంటుంది. నిన్నమొన్నటి మోటోక్రాస్ బండిని రోడ్డెక్కించాలంటే చుక్కలు కనబడేది అందుకే. పదేళ్లు దాటితే ఆ పరీక్ష లేదు. మిగిలేది ఏటా జరిగే ఎంవోటీ, మన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లాంటిది.

ఈ ఎంవోటీలో చాలామంది నమ్మని విషయం ఒకటి ఉంది. లైట్లు అసలే లేని బండి కూడా పాసవుతుంది. బ్రిటన్ 1989 నాటి వాహన దీపాల నిబంధనల ప్రకారం, ముందు వెనక పొజిషన్ లైట్లు (బండి ఉనికి చూపే చిన్న దీపాలు) లేని వాహనానికి సూర్యోదయానికీ సూర్యాస్తమయానికీ మధ్య ఏ దీపమూ ఉండాల్సిన పని లేదు. బ్రేక్ లైటు కూడా అందులోకే వస్తుంది. దీన్నే అందరూ పగటి ఎంవోటీ అంటారు. నిజానికి ఆ పేరుతో వేరే సర్టిఫికెట్ ఏదీ లేదు. మామూలు ఎంవోటీయే, ఈ బండిని పగటిపూట మాత్రమే వాడాలని ఒక సూచన జతచేస్తారు. పొద్దు వాలినా, పొగమంచు కమ్మినా ఆ బండి రోడ్డు మీద ఉండకూడదు. బ్రిటన్ నవంబరులో మధ్యాహ్నం నాలుగుకే చీకటి పడుతుందని గుర్తుంచుకుంటే ఈ వెసులుబాటు ఎంత పొట్టిదో అర్థమవుతుంది.

దీనికో మెలిక. సగం సగం బిగిస్తే మొదటికే మోసం. లైట్లు లేకపోతే పరవాలేదు, ఉంటే పనిచేయాలి. పోనీ చూడ్డానికి బాగుంటుందని ఒక లైటు తగిలించి, వైరింగు ఉండి అది వెలగకపోతే పరీక్షలో పోతుంది. వాడని లైటుకు వైరింగును శాశ్వతంగా తీసేయాలి, లేదా దాన్ని పూర్తిగా కప్పేయాలి, లేదా రంగు పూయాలి. ఉత్సాహంతో సగం పని చేసినవాడికంటే బద్ధకంతో ఏమీ చేయనివాడు నెగ్గే అరుదైన చోటిది.

అద్దాలు బ్రిటన్‌లో రెండు చక్రాల బండికి తప్పనిసరి కాదు. 1986 ఆగస్టుకు ముందు వాడకంలోకి వచ్చిన బండికి ఇండికేటర్లు అక్కర్లేదు, చేయి చాపి చూపిస్తే చాలు. హారన్ మాత్రం ఉండాలి. స్పీడోమీటరు కూడా ఉండాలి. మోటోక్రాస్ చక్రం హబ్‌లో మీటరు కేబుల్‌కు పళ్లచక్రమే ఉండదు కాబట్టి చాలామంది అయస్కాంతంతో పనిచేసే సైకిల్ మీటరు బిగిస్తారు.

నలభై ఏళ్లు నిండితే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. హిస్టారిక్ తరగతిలో రోడ్డు పన్ను సున్నా. పన్ను సున్నా అయినా ఏటా పన్ను కట్టినట్టు నమోదు మాత్రం చేయాలి, అదో తమాషా. 2018 మే నుంచి ఇలాంటి బండికి ఎంవోటీ కూడా అక్కర్లేదు, గత ముప్పై ఏళ్లలో పెద్ద మార్పులు జరగకుండా ఉంటే. పెద్ద మార్పు అంటే ఫ్రేమ్ వేరే రకానిది వేయడం, సస్పెన్షన్ పద్ధతినే మార్చేయడం, సిలిండర్ల సంఖ్యే వేరైన ఇంజిన్ పెట్టడం లాంటివి. వెనక రెండు షాకబ్జార్లున్న బండిని కోసి ఒకే షాకబ్జారు పెట్టినవాడు ఇక్కడ ఇబ్బంది పడతాడు. లైట్లు బిగించడం ఆ లెక్కలోకి రాదు.

ఎంవోటీ అక్కర్లేదంటే బండి బాగుండక్కర్లేదని కాదు. ప్రమాదకర స్థితిలో ఉన్న వాహనం నడిపితే 2,500 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్స్ మీద మూడు పాయింట్లు. నన్నడిగితే మినహాయింపు ఉన్నా ఒకసారి ఎంవోటీ చేయించుకోవడమే మంచిది. యాభై ఏళ్ల చక్రం ఊచలు, స్వింగార్మ్ బుష్‌లు బయటి మనిషి కళ్లతో చూడాలి. మన కళ్లకు మన బండి ఎప్పుడూ బాగానే ఉంటుంది.

మెకానిక్ షెడ్డులో అసలు పని

చట్టం ఒప్పుకున్నంత మాత్రాన బండి ఒప్పుకోదు. మోటోక్రాస్ ఇంజిన్‌లో స్పార్క్‌కు కావలసినంత కరెంటే పుడుతుంది. మాగ్నెట్ కాయిల్ ప్లేటు మీద లైట్ల కోసం వేరే కాయిల్ ఉండదు. లైట్లు కావాలంటే రెండు దారులు. చిన్న 12 వోల్టుల బ్యాటరీ, ఎల్ఈడీ బల్బులు పెట్టి, ఇంట్లో ఫోనులా చార్జింగ్ చేసుకుని బయల్దేరడం. ఎల్ఈడీలు తక్కువ కరెంటు తింటాయి కాబట్టి ఒక రోజు ఎండ్యూరోకు ఇది సరిపోతుంది. ఖర్చు తక్కువ, అసలు బండి చెడదు, ఎప్పుడంటే అప్పుడు విప్పేయవచ్చు. రెండోది, లైటింగ్ కాయిల్ ఉన్న కొత్త స్టేటరు (కాయిల్ ప్లేటు), దానికి తగిన ఫ్లైవీల్ (ఇంజిన్‌తోపాటు తిరిగే బరువు చక్రం) వేయించడం.

ఈ రెండో దారిలో అడగని లాభం ఒకటి ఉంది. మోటోక్రాస్ ఫ్లైవీల్ తేలిక, థ్రాటిల్ తిప్పగానే ఇంజిన్ ఎగిరిపడుతుంది. ట్రాక్ మీద అది గుణం. రాళ్ల బాటలో, తడి వేళ్ల మీద నెమ్మదిగా వెళ్లేటప్పుడు అదే దోషం. బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది, లేదా వెనక చక్రం జారిపోతుంది. లైట్ల కోసం వేసిన బరువైన ఫ్లైవీల్ ఇంజిన్‌ను నిదానం చేస్తుంది. పాతకాలం ఎండ్యూరో మోడళ్లు మోటోక్రాస్ మోడళ్లకంటే సాధువుల్లా ఉండటానికి ఒక కారణం ఇదే.

గేర్లు ఇంకో చిక్కు. మోటోక్రాస్ గేర్‌బాక్స్‌లో గేర్ల మధ్య దూరం తక్కువ. రోడ్డు మీద టాప్ గేర్లో కూడా ఇంజిన్ కీచుమంటూ అరుస్తుంటుంది. గేర్‌బాక్స్ మార్చడం పెద్ద పని కాబట్టి ముందు స్ప్రాకెట్టుకు ఒక పన్ను పెంచి, వెనకదానికి కొన్ని తగ్గించి సరిపెట్టుకుంటారు. మొదటి గేర్ బరువెక్కి క్లచ్ కాలే వాసన రావడం దానికి కట్టే మూల్యం. పెట్రోలులో ఆయిల్ కలుపుకోవడం సరేసరి. బంకులో టూటీ ఆయిల్ పోయించుకుని స్కూటర్లు నడిపిన తరానికి ఆ లెక్క చెప్పనక్కర్లేదు. కాకపోతే ఇది చేతక్ కాదు. దిగుడులో థ్రాటిల్ మూసి ఇంజిన్ బ్రేక్ మీద చాలాసేపు వస్తే పెట్రోలుతోపాటు ఆయిలూ అందక పిస్టన్ పట్టేస్తుంది.

టైర్ల దగ్గర మాత్రం రాజీ పడకూడదు. మోటోక్రాస్ టైర్లలో చాలావాటి మీద హైవే వాడకానికి కాదని అచ్చువేసి ఉంటుంది. గుబ్బలున్నవే అయినా రోడ్డు ఆమోద ముద్ర ఉన్న ఎండ్యూరో టైర్లు దొరుకుతాయి. అవే వేయాలి. తడి తారు మీద మోటోక్రాస్ గుబ్బలు సబ్బుబిళ్లలే.

నంబరు వచ్చింది, మరి ఎక్కడ నడపాలి?

మూడో ప్రశ్న తొందరగా తేలుతుంది, ఎందుకంటే జవాబు నిరాశే. ఇంగ్లండ్‌లో మట్టి బాటల మీద మోటారు బళ్ల హక్కులను 2006 నాటి చట్టం బాగా కుదించింది. అధికారిక పటంలో అన్ని వాహనాలకూ తెరిచిన బాటగా నమోదైనవి, ఇంకా కొన్ని తారు వేయని ప్రజా రోడ్లు మిగిలాయి. వాటి మీద నడపాలంటే బండికి నంబరు, ఇన్సూరెన్స్, మనిషికి లైసెన్స్ అన్నీ ఉండాలి. మట్టి రోడ్డు కదా అని ఎవరూ వదిలేయరు. 1970లో పుట్టిన ట్రయల్ రైడర్స్ ఫెలోషిప్ లాంటి సంఘాలు ఆ బాటల కోసం ఇప్పటికీ పోరాడుతున్నాయి. అనుమతి లేని నేలమీద నడిపి జనాన్ని ఇబ్బంది పెడితే బండిని పోలీసులు పట్టుకుపోవచ్చు. నంబరున్న బండిని గుర్తుపట్టడం మరీ తేలిక.

లైసెన్స్ దగ్గర చిన్న పిల్లలు బోల్తా పడతారు. 125 సీసీ కదా, ఏ1 లైసెన్స్ చాలనుకుంటారు. ఏ1 పరిమితి సీసీ ఒక్కటే కాదు, 11 కిలోవాట్లు కూడా. అంటే సుమారు 15 హార్స్‌పవర్. 1970ల నాటి 125 మోటోక్రాస్ బండి కూడా దాన్ని దాటేస్తుంది.

ఒకసారి రిజిస్టరు అయ్యాక బండి ప్రభుత్వం కంట్లో పడినట్టే. షెడ్డులో దుప్పటి కప్పి ఉంచినా, రోడ్డు మీద లేదని సోర్న్ ప్రకటన ఇవ్వాలి. లేకపోతే జరిమానా నోటీసు ఇంటికొస్తుంది. నంబరు లేనన్నాళ్లూ ఈ బాధ లేదు. ఏడాదికి రెండు మోటోక్రాస్ మైదానాలు తప్ప ఎక్కడికీ తీసుకెళ్లనివాడు ఈ తంటా పడకుండా వ్యాన్ అద్దెకు తీసుకోవడమే నయం.

మనదగ్గర, అమెరికాలో

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. అక్కడ టైటిల్ వేరు, రిజిస్ట్రేషన్ వేరు. టైటిల్ అంటే బండి నాది అన్న పత్రం, రిజిస్ట్రేషన్ అంటే రోడ్డెక్కే అనుమతి. టైటిల్ చూపించి "పేపర్లు క్లియర్" అన్నవాడు అబద్ధం చెప్పకపోవచ్చు, కానీ పూర్తి నిజం కాదు. నియమాలు రాష్ట్రానికొక తీరు. పాత బళ్లకు ఒక అనుకూలం ఏమిటంటే, మోటార్ సైకిళ్ల పొగ మీద కేంద్ర నియమాలు 1978 మోడళ్ల నుంచే మొదలయ్యాయి. కాబట్టి 1974 బండికి పొగ గొడవ కంటే పేపర్ల గొడవే పెద్దది.

మనదేశంలో దారి దాదాపు మూసుకుపోయింది. కావాసాకీ కేఎక్స్ మోటోక్రాస్ బళ్లు ఇక్కడ షోరూములో కొత్తవే దొరుకుతాయి. బిల్లు ఇస్తారు, టీఆర్ ఇవ్వరు. లైట్లు బిగించి తర్వాత సి-బుక్ తెచ్చుకునే పద్ధతీ లేదు, ఎందుకంటే ఇక్కడ ఒక్కో బండికి కాదు, ఆ మోడల్‌కే రోడ్డు ఆమోదం ఉండాలి. కంపెనీ నమూనాకు విరుద్ధంగా మార్పులు చేయడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగానే చెప్పింది.

వింటేజ్ బళ్ల కోసం 2021 జూలైలో కేంద్రం వేరే నియమాలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన బళ్లకు వీఏ సిరీస్ నంబరు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు. రోజువారీ వాడకం కుదరదు. ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీల లాంటివాటికే బయటికి తీయాలి. చదవగానే ఎల్సినోర్‌కు ఇది సరిపోతుందే అనిపిస్తుంది. కానీ యాభై ఏళ్ల లెక్క మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి. ఎన్నడూ రిజిస్టరే కాని బండికి ఆ లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి? చట్టం రాసినవాళ్ల మనసులో ఉన్నది పాత డాడ్జ్ కార్లు, నార్టన్లే గానీ లైట్లు లేని రేసు బండి కాదు.

పైగా మనదగ్గర ఈ ప్రయాణం తిరగేసి జరిగింది. అక్కడ రేసు బండిని రోడ్డు బండిగా మార్చాలని చూస్తారు. ఇక్కడ డర్ట్ రేసులకు వెళ్లిన కుర్రాళ్లు సి-బుక్ ఉన్న యెజ్డీనో ఆర్ఎక్స్100నో తీసుకుని, లైట్లు విప్పి, మడ్‌గార్డులు కోసి రేసు బండి చేశారు. మైసూరు యెజ్డీ వంశం చెకోస్లొవేకియా జావాది. అక్కడే తయారైన సీజెడ్ బళ్ల మీద బెల్జియం రేసర్ జోయెల్ రాబెర్ 1964, 1968, 1969లో 250 సీసీ ప్రపంచ మోటోక్రాస్ టైటిళ్లు గెలిచాడు. ఆ బంధుత్వం తెలియకుండానే మనవాళ్లు యెజ్డీని బురదలోకి దింపారు.

మళ్లీ స్వాన్సీ. అన్నీ సర్దుకుంటే ఒకరోజు తపాలాలో వీ5సీ వస్తుంది, అదే వాళ్ల సి-బుక్. 1974 మొదటి సగంలో పుట్టిన బండికి నంబరు చివర సాధారణంగా ఎం అనే అక్షరం ఉంటుంది. 1973 ఆగస్టు నుంచి ఏడాదిపాటు కొత్త బళ్లకు బ్రిటన్‌లో ఇచ్చిన అక్షరం అది. ఆ నంబరును ఇంకో బండికి మార్చుకోవడం కుదరదు. 1980కి ముందు తయారైన హిస్టారిక్ బండి కాబట్టి నల్లటి ప్లేటు మీద వెండి అక్షరాలు పెట్టుకోవచ్చు. ముందువైపు ప్లేటు పెట్టాల్సిన పనిలేదు, అక్కడ రేసు నంబరు బోర్డు అలాగే ఉంచుకోవచ్చు. వెనక ప్లేటును మాత్రం గట్టిగా బిగించకూడదు. ఎండ్యూరోలో మొదటి బురద గుంటకే ప్లాస్టిక్ మడ్‌గార్డు ఒంగి ప్లేటు విరుగుతుంది. తెలిసినవాళ్లు రబ్బరు ముక్క అడ్డం పెట్టి రెండు బోల్టులతో వేలాడదీస్తారు, ఇంకోటి వ్యాన్‌లో ఉంచుకుంటారు.